గేమ్ టెస్టర్ల పని గంటలు ఎవరు చూస్తారు? ఐటీ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఐటీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర మండలం. హైదరాబాద్‌లో నాలుగేళ్లు వీడియో గేమ్ టెస్టర్‌గా పనిచేసి ఈ మధ్యే ఇంటికి వచ్చాను. మా జిల్లాలో 2023లో మొదలైన దివిటిపల్లి ఐటీ టవర్‌కు గేమింగ్ కంపెనీలు కూడా వస్తే బాగుండునని మా దగ్గర చాలామంది పిల్లలు ఆశపడుతున్నారు. నాకూ ఆ ఆశ ఉంది. వాటికి చోటు ఇచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టమని అడగడానికే ఈ లేఖ. టెస్టర్లు ఎన్ని గంటలు పనిచేశారో రాసే రిజిస్టర్ ఉండాలి. దాన్ని మీ ప్రభుత్వం తెరిచి చూడాలి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల గురించి నేను చెప్పడం లేదు. అవి మన రాష్ట్రంలో 2017 నుంచే నిషేధం. కథ, బొమ్మలు, సంగీతం, కోడ్ కలిపి వందల మంది ఏళ్ల తరబడి తయారుచేసే ఆటల సంగతి ఇది. అందులో మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. పొద్దున్నే కొత్త బిల్డ్, అంటే ఇంకా తయారవుతున్న ఆట తాజా కాపీ, వస్తుంది. ఆటలో ఒకే తలుపును వంద సార్లు తెరుస్తాం. పరుగెత్తుతూ తెరుస్తాం, నెట్ తీసేసి తెరుస్తాం, గేమ్ సేవ్ అవుతున్న క్షణంలో తెరుస్తాం. ఎప్పుడో ఒకసారి ఆటలోని మనిషి నేలలోకి దిగబడిపోతాడు. ఎలా చేస్తే అది మళ్లీ జరుగుతుందో కనిపెట్టి, ఒక్కో మెట్టూ రాసి, వీడియో జతచేసి పంపాలి. రిలీజ్ ఇంకా దూరంగా ఉంటే ప్రోగ్రామర్ కూర్చుని సరిచేస్తారు. తేదీ దగ్గరపడితే అదే బగ్ (లోపం) ‘వోంట్ ఫిక్స్’, అంటే సరిచేయం, అని తిరిగి వస్తుంది. ఉందని అందరికీ తెలుసు. రిలీజ్ అయ్యాక ప్యాచ్‌లో, అంటే తర్వాత పంపే దిద్దుబాటులో, చూసుకుందాం అంటారు. తేదీ మాత్రం కదలదు, ఎందుకంటే ప్రకటనలు అప్పటికే బయటికి వెళ్లిపోయి ఉంటాయి.

నా చివరి ప్రాజెక్ట్‌లో పదకొండు వారాలు ఆదివారం లేదు. రాత్రి రెండింటికో మూడింటికో క్యాబ్ ఎక్కేవాళ్లం. అలాంటి ఒక రాత్రి, ఆట ఎంతవరకు ఆడారో దాచిపెట్టే సేవ్ ఫైళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే టెస్ట్ నా వంతుకు వచ్చింది. కళ్లు మూసుకుపోతున్నాయి. పన్నెండు సార్లు చేయాల్సింది నాలుగు సార్లే చేసి ‘పాస్’ అని రాశాను. రిలీజ్ అయిన రెండో రోజు నుంచే ఫిర్యాదులు. ముప్పై, నలభై గంటలు ఆడినవాళ్ల సేవ్‌లు చెరిగిపోయాయి. ‘అసలు ఎవరైనా టెస్ట్ చేశారా?’ అని ఒక కుర్రాడు రాశాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పది రోజుల ఉపాధి కూలి అంత డబ్బు పెట్టి కొనే ఆట అది. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ నిద్ర లేని మనిషితో నిద్ర పోగొట్టే పని చేయించడం కూడా తప్పే కదా సార్. ఆ తర్వాతి వారమే నా కాంట్రాక్ట్ అయిపోయింది. ఆట చివర వచ్చే పేర్లలో నా పేరు లేదు.

ఇది ఒక్క చోటి కథ కాదు. పోలండ్‌లో తయారైన సైబర్‌పంక్ 2077 అనే ఆట విడుదల పదే పదే వాయిదా పడింది. 2020 సెప్టెంబర్‌లో ఆ స్టూడియో సిబ్బందిని వారానికి ఆరు రోజులు పనిచేయమంది. డిసెంబర్ 10న ఆట వచ్చింది. పాత కన్సోళ్ల (టీవీకి తగిలించి ఆడే యంత్రాల) మీద ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం దాటగానే ప్లేస్టేషన్ కన్సోల్ తయారుచేసే సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసి డబ్బులు వాపసు ఇస్తానంది. మళ్లీ స్టోర్‌లోకి రావడానికి 2021 జూన్ దాకా పట్టింది. అన్ని అదనపు గంటలు పనిచేయించినా ఆట పూర్తి కాలేదు. ఆ గంటలు ఎటు పోయాయో మాలాంటి వాళ్లకు తెలుసు. అలసిన చేతులు చేసిన తప్పులను మళ్లీ అలసిన చేతులతోనే దిద్దడానికి పోయాయి.

లేఖలతో పని జరగదని నా స్నేహితులు అంటున్నారు. కానీ 2004లో అమెరికాలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ ఉద్యోగికి కాబోయే భార్య ఒకరు, అతని పని గంటల గురించి పేరు చెప్పకుండా ఒక లేఖ రాశారు. అదే సమయంలో కోర్టు కేసులు నడిచాయి, ఓవర్‌టైమ్ బాకీ కింద ఆటల బొమ్మలు తయారుచేసే ఆర్టిస్టులకు ఆ కంపెనీ 1.56 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందుకే రాస్తున్నాను.

మన దగ్గర చట్టం లేక కాదు. 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టంలో పనివేళల సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకు ప్రభుత్వం మినహాయింపు ఇస్తూ వచ్చింది. దానికి షరతులున్నాయి: వారానికి 48 గంటలు, అవి దాటితే ఓవర్‌టైమ్ జీతం, వారానికో సెలవు. 2025 జూలైలో వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటల దాకా అనుమతిచ్చిన ఉత్తర్వులో కూడా వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది. నాలుగేళ్లలో మా ఫ్లోర్‌కు వచ్చి ఆ లెక్క అడిగిన అధికారిని నేను చూడలేదు.

మా నాయన పదహారేళ్ల వయసులో గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని డ్యామ్ పనులకు వెళ్లాడు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. వలస కూలీలకు ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలని, కూలి వివరాలు అందులో రాయాలని 1979లోనే చట్టం వచ్చింది. నాయన ఆ పాస్‌బుక్‌ను ఒక్కసారి కూడా చూడలేదు. నన్ను పనికి పంపింది కూడా స్టూడియో కాదు, మధ్యలో ఉన్న ఒక ఏజెన్సీ. గంటల గురించి అడిగితే స్టూడియో ఏజెన్సీని చూపించింది, ఏజెన్సీ స్టూడియోను చూపించింది. ఈ మాట ఇంట్లో చెప్తే నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ‘మా మేస్త్రీ కూడా ఇట్లనే చెప్పేటోడు’ అన్నాడు.

కాబట్టి మంత్రి గారూ, దివిటిపల్లిలో గానీ నల్లగొండ ఐటీ టవర్‌లో గానీ గేమింగ్ కంపెనీకి చోటు, రాయితీ ఇచ్చే కాగితంలోనే ఈ మాట రాయించండి. నెలనెలా పని గంటల లెక్క కార్మిక శాఖకు ఇవ్వాలి, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్ల లెక్క కూడా అందులో ఉండాలి, ఓవర్‌టైమ్ డబ్బు స్టూడియో బాధ్యత కావాలి. ఆట రిలీజ్‌కు ముందు మూడు నెలల లెక్క ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే చట్టం తప్పేది అప్పుడే.

చివరి ప్రాజెక్ట్‌లో నేను వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మీ అధికారులు ఎప్పుడు పిలిచినా దివిటిపల్లికి తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక గేమ్ టెస్టర్,
దేవరకద్ర మండలం, మహబూబ్‌నగర్ జిల్లా