‘ఈ ఇల్లు నీకొద్దు తల్లీ’ అన్న బరంపురం బాబాయ్‌గారికి

సామాను ఇంకా సగం మూటల్లోనే ఉంది. గ్యాస్ కనెక్షన్ మారలేదు, ఇండక్షన్ పొయ్యి మీదే నెట్టుకొస్తున్నాం. ఒళ్లు హూనమైపోయింది. అయినా ఈ నాలుగు మాటలూ ఇవాళే రాయాలి. రేపటి నుంచి ఆఫీసు, స్కూలు అంటూ పరుగుల్లో పడితే ఇక రాయలేను. ఏ చుట్టరికమూ లేని ఒక మనిషికి రుణపడి ఉన్నాను, ఆ సంగతి నలుగురికీ చెప్పాలి.

నాకు శ్రీకాకుళం నుంచి ఛత్రపూర్ దగ్గరి ఆఫీసుకి బదిలీ అయింది. మా ఆయన ఉద్యోగం విశాఖలో, వారానికోసారి వస్తారు. అంటే ఇక్కడ ఉండేది నేను, ఏడో తరగతి బాబు, రెండో తరగతి పాప, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. బాబుకి చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఇంట్లో కాస్త చెమ్మ ఉంటే చాలు, రాత్రంతా కూర్చునే ఉంటాడు. వాడితో పాటు నేనూ.

ఎక్కడ ఉండాలన్నదే పెద్ద టెన్షన్. ఛత్రపూర్ ఒడిశాలోని గంజాం జిల్లా కేంద్రం, ఆఫీసుకి దగ్గర. కానీ రాత్రిపూట బాబుకి ఊపిరాడకపోతే పరుగెత్తాల్సింది బరంపురంలోని ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రికే. గోపాల్‌పూర్ అందరికీ నచ్చుతుంది, నాకూ నచ్చింది. అయితే ఆ ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టి పోతుంటే, వీడి ఊపిరితిత్తుల మాటేమిటని భయమేసింది. ఇచ్ఛాపురంలో ఉంటే పిల్లల తెలుగు చదువు ఆగదని మా అమ్మ ఆశ. ఇచ్ఛాపురం నుంచి బరంపురమే పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది, అక్కడి నుంచి ఛత్రపూర్ మరో ఇరవై. రోజూ రానూపోనూ అంత దూరమంటే పిల్లల ముఖం చూసేది ఆదివారమే.

అందుకే బరంపురం. హల్దియాపదర్ దగ్గర హైవే ఎక్కితే ఆఫీసు తిన్నగా వచ్చేస్తుంది. మా ఆయన విశాఖలో రైలెక్కితే ఇక్కడే దిగొచ్చు, హౌరా–చెన్నై లైను కదా. పైగా మా అత్తగారికి తెలుగు తప్ప ఇంకో భాష రాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ పాత చుట్టరికం ఈ ఊరి బజార్లలో ఇంకా ఉంది. కూరలావిడ మొదలుకొని మందుల షాపు వరకూ ఎవరో ఒకరు ‘ఏటమ్మా’ అని పలకరిస్తారు.

ఊరు తేలింది. వీధి తేలలేదు. అంబపువా, లొచ్చపడా, గోసానినువాగాం, ఇలా సెలవు దొరికినప్పుడల్లా తిరిగాం. ఇల్లు నచ్చితే అద్దె అందదు, అద్దె అందితే నాలుగు అంతస్తులెక్కాలి. అన్నీ కుదిరిన చోట ‘మీ ఆయన ఎక్కడ?’ అనే ప్రశ్న. విశాఖలో అనగానే గొంతు మారిపోయేది. మగతోడు లేని ఇంటికి అద్దెకివ్వం అని ముఖం మీదే తలుపేసినవాళ్లున్నారు. బ్రోకర్లయితే ఒక నెల అద్దె కమీషన్ ముందే కట్టమనేవారు. వీధిలోకి నీళ్లొస్తాయా అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, ‘అబ్బే, చుక్క రాదు మేడమ్’.

అలా తిరుగుతూ ఒక కాలనీలో టు-లెట్ బోర్డు చూసి ఆగాం. ఆ కాలనీ పేరు రాయను. అక్కడ ఇళ్లు అద్దెకిచ్చుకుని బతికేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. ఆ ఇంటి యజమానే బాబాయ్‌గారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి ఇక్కడా బాబాయ్‌గారనే అంటాను. జీవితమంతా బరంపురం పట్టు నేసిన మనిషి. ఆ చీరలకి అంచు మీద గుడి గోపురాల వరసలా ఉండే ఫోడా కుంభ అల్లిక తెలిసినవాళ్లకి ఆ చేతుల విలువ తెలుస్తుంది. ఇప్పుడు చూపు తగ్గి మగ్గం మానేశారు.

ఇల్లు నాకు ఎంతో నచ్చింది. కింది వాటా, మెట్లు లేవు, కొత్తగా వేసిన వెల్ల, వెనకాల జామచెట్టు. అద్దె మాకు సరిపోతుంది. మా అత్తగారైతే అప్పుడే దేవుడి మూల ఎక్కడో చూసేసుకున్నారు. నేను అడ్వాన్సు మాట ఎత్తాను. ఆ సమయంలోనే బాబుకి దగ్గు తెర వచ్చింది. ఆయన వాడి వంకే చూస్తూ నిలబడ్డారు. ‘ఈ గుంటడికి ఆయాసమా?’ అన్నారు. ఔనన్నాను.

ఏమీ మాట్లాడకుండా లోపలి గదిలోకి వెళ్లి అక్కడున్న పాత చెక్క బీరువా ఒక పక్క పట్టుకుని, రెండో పక్క నన్ను పట్టమన్నారు. జరిపాం. వెనక గోడకి వెల్ల వెయ్యలేదు. నేలకి మూరన్నర ఎత్తున ఒక గోధుమరంగు గీత, ఆ మూల నుంచి ఈ మూల దాకా, తాడు పట్టి గీసినంత తిన్నగా ఉంది. గీతకి పైన గోడ బాగానే ఉంది. కింద పెచ్చులూడి, వేలు పెడితే రాలుతోంది. ఆయన మా పాపని దగ్గరికి పిలిచి గోడ పక్కన నిలబెట్టారు. ఆ గీత దాని నడుము దాకా వచ్చింది.

‘నీరు ప్రతి ఏడూ రాదు. వచ్చిన ఏడు ఇంతొస్తుంది. తీసింది మొదలు రెండు నెల్లు గోడలు ఆరవు. ఈ ఇల్లు నీకొద్దు తల్లీ’ అన్నారు.

నా నోట మాట రాలేదు. ఇంతమందిని అడిగాను, ఒక్కరూ నిజం చెప్పలేదు. నిజం చెబితే నష్టపోయే మనిషి ఒక్కడే చెప్పాడు. ఆ అద్దె డబ్బుల మీదే ఆ దంపతులిద్దరి మందులు గడుస్తాయని తర్వాత పిన్నిగారి మాటల్లో తెలిసింది. అది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్కడితో వదిలేసినా ఆయన చేసింది ఎక్కువే. వదల్లేదు. తన పాత మోపెడ్ తీసి, ‘నా వెనక రా, ఇల్లెలా చూడాలో చెప్తాను’ అన్నారు. ఆ పూటంతా ఆ ఎండలో మమ్మల్ని తిప్పారు. ఆయన చెప్పినవి ఇల్లు వెతుక్కునేవాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను. వీధిలో పాత ఇళ్ల అరుగులూ కొత్త ఇళ్ల అరుగులూ పోల్చి చూడమన్నారు. కొత్తగా కట్టినవాళ్లందరూ మూడేసి మెట్లు పైకి లేపారంటే, ఆ వీధికి నీళ్లొస్తాయని వాళ్లకి తెలుసన్నమాట. కిరాణా కొట్లోకి తీసుకెళ్లి బియ్యం బస్తాలు చూపించారు. ఒక కొట్లో బస్తాలు గచ్చు మీదే ఉన్నాయి, ఇంకో వీధి కొట్లో నడుమెత్తు సిమెంటు దిమ్మ మీద ఉన్నాయి. బ్రోకర్ని కాదు, ఆ వీధిలో అంట్లు తోమే మనిషిని అడగమన్నారు. వానాకాలంలో ఏ ఇంటికి పనికి వెళ్లలేకపోతుందో ఆవిడకే తెలుసు. రేకుల వరండా ఉన్న ఇల్లొకటి నాకు నచ్చితే ఒప్పుకోలేదు. ‘2018లో తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే కదా దాటింది, గాలంటే ఏటో నీకు తెలీదా? 2013లో ఫైలిన్ ఈ గోపాల్‌పూర్ దగ్గర దాటినప్పుడు రేకులు కాగితాల్లా ఎగిరాయి’ అన్నారు. ఆఫీసుకి ఎంతసేపు పడుతుందో ఆదివారం చూసి మురిసిపోవద్దనీ, పిల్లల్ని స్కూల్లో దింపే టైములో బండి మీద వెళ్లి చూడమనీ చెప్పారు. అలాగే చేశాను. ఆదివారం హాయిగా దాటేసిన కూడలి దగ్గరే సోమవారం ఆటోల మధ్య ఇరుక్కుపోయాను.

చివరికి ఒక వీధిలో, తనతో పాటు మగ్గం నేసిన స్నేహితుడి ఇంటికి తీసుకెళ్లారు. ఎత్తు అరుగు మీద కింది వాటా. గోడలు పొడిగా ఉన్నాయి. ఆ ఇంటాయన కూడా ‘భర్త ఎక్కడ?’ అనే అడిగారు. నేను జవాబు చెప్పేలోపే బాబాయ్‌గారు ‘నా కూతురనుకో. నా పూచీ’ అన్నారు. అంతే. నన్ను కలిసి ఒక పూట కూడా కాలేదు. అప్పటిదాకా ఎంతమంది తలుపేసినా బింకంగానే ఉన్నాను, ఆ రెండు మాటలకి మాత్రం అక్కడే, ఆ అరుగు మీదే కూర్చుని ఏడ్చేశాను. మా పాప కంగారు పడింది. ఆయన నా తల మీద చెయ్యేసి, ‘లే తల్లీ, అద్దె మాట్లాడుకో’ అన్నారు.

అరుగుకి మెట్లున్నాయని, మా అత్తగారు ఎక్కలేరని నేను నసిగితే, తెలిసిన వెల్డింగ్ షాపు అబ్బాయితో మాట్లాడి ఇనుప పైపుతో చేతికర్ర లాంటి రెయిలింగు పెట్టించారు. ఎత్తు ఎంత ఉండాలో చూడటానికి అత్తగారిని మెట్ల దగ్గర నిలబెట్టి, ఆవిడ మోచెయ్యి దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టించారు. ఇప్పుడు ఆవిడ దాన్ని పట్టుకుని తనంతట తాను వీధిలోకి దిగుతున్నారు.

బ్రోకరుకిచ్చే కమీషనైనా మీరు తీసుకోండి అని కవరు ఇవ్వబోయాను. ముఖం చిన్నబుచ్చుకున్నారు. ‘డబ్బు తీసుకున్నాక రేపు ఠాకురాణీ అమ్మవారి యాత్రకి మా ఇంటికి భోజనానికి రమ్మని ఏ ముఖంతో పిలుస్తాను?’ అన్నారు. కవరు వెనక్కి పెట్టేసుకున్నాను.

మొన్న రాత్రి కుండపోత వాన. మా ఇంట్లోకి చుక్క రాలేదు, బాబు హాయిగా నిద్రపోయాడు. నాకు మాత్రం ఆ గీతే కళ్ల ముందు కదిలింది. పొద్దున్నే ఫోన్ చేస్తే పిన్నిగారు ఎత్తారు. ఆయన ఆ ఇంట్లో నీళ్లు తోడిపోస్తున్నారట. ఆ టు-లెట్ బోర్డు ఇంకా అలాగే ఉంది.

నాకు కోపం ఎక్కడొస్తుందంటే, ఈ నిజం ఒక ముసలాయన తన పొట్ట కొట్టుకుని చెప్పాల్సిన అవసరం ఏముంది? ఏ వీధి పల్లంలో ఉందో, ఏ కాలువ ఎక్కడ మూసుకుపోయిందో కాగితాల మీద ఉండదా? ఆ కాగితాలుండే ఆఫీసుకీ వెళ్లాను. ఈ కౌంటరు కాదు ఆ కౌంటరన్నారు, సారు లేరన్నారు, దరఖాస్తు పెట్టుకోమన్నారు. పల్లపు భూమిలో ఇంటికి అనుమతి ఇవ్వడానికి స్టాంపు ఉంటుంది, అక్కడ నీళ్లొస్తాయని చెప్పడానికి మనిషి ఉండడు. బాబాయ్‌గారికి ఆ స్థలం అమ్మినవాళ్లూ చెప్పలేదు. కష్టార్జితమంతా అందులో పోశారు.

స్కూలు సంగతి ఇంకో బాధ. మన దగ్గర జూన్‌లో బడి తెరుస్తారు, ఇక్కడ ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలు. జూన్‌లో వెళ్తే సీట్లు లేవన్నారు. ఉన్న ఒక్క చోట, పిల్లలు రాని ఏప్రిల్, మే నెలల ఫీజు కూడా కట్టించుకున్నారు. టీసీ మీద ఇంకో అధికారి సంతకం కావాలని శ్రీకాకుళం తిప్పి పంపారు. రాష్ట్రం మారితే ఉద్యోగికి బదిలీ ఉత్తర్వు ఒక్క కాగితం. పిల్లలకి మాత్రం ఇన్ని కాగితాలా? ఉద్యోగాల కోసం సరిహద్దు దాటే మాలాంటి కుటుంబాలు ఈ జిల్లాల్లో కొత్త కాదు. ఇన్నేళ్లయినా ఆ పిల్లల కోసం ఒక తేలిక పద్ధతి పెట్టలేకపోయారు.

ఇప్పుడు ఒడియా అక్షరాలు దిద్దించడం మా వంతు. బాబాయ్‌గారి మనవడు సాయంత్రాలు వచ్చి మా బాబుకి నేర్పుతున్నాడు. వాడు తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవడం రాదు. అందుకని మా బాబు వాడికి తెలుగు అక్షరాలు చెబుతున్నాడు. ఈ పోస్టు ప్రింటు తీసి ఇస్తాను, బాబాయ్‌గారు చదువుకుంటారు. ఆయన చదివింది ఈ ఊళ్లోనే, తెలుగు మీడియంలో.

మా ఆయన, మా తమ్ముడు, అమ్మ, అందరూ తలో చెయ్యీ వేశారు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

రాయడం అయిపోయిందనుకున్నాక గుర్తొస్తున్నారు, క్షమించాలి. మేం దిగిన రాత్రి వంట లేదని గ్రహించి గిన్నెడు దాల్మా (కూరముక్కలు వేసిన పప్పు), అన్నం పంపిన ఎదురింటి ఒడియా ఆవిడ. మా ఇద్దరికీ భాష కుదరలేదు, కడుపు నిండింది. స్కూలు ఫారాలన్నీ ఒడియాలో నింపిపెట్టి, కాపీల డబ్బులు మాత్రమే తీసుకున్న జిరాక్స్ షాపు అబ్బాయి. నేను ఇళ్లు చూడటానికి వెళ్లిన రోజుల్లో నా పని కూడా తనే చేసిన ఆఫీసు సహోద్యోగి. వాషింగ్ మెషీన్ గుమ్మంలో పట్టకపోతే తలుపు ఊడదీసి మరీ లోపల పెట్టి, మళ్లీ తలుపు బిగించి వెళ్లిన లారీ కుర్రాళ్లు. అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లి, ఓపీ చీటీ కూడా తనే క్యూలో నిలబడి తెచ్చిన ఆటో డ్రైవరు తమ్ముడు.

వెల్డింగ్ షాపు అబ్బాయికి కూడా రుణపడి ఉన్నాను. రెయిలింగు తాలూకు సగం డబ్బు నేనింకా ఇవ్వలేదు, తనూ అడగలేదు. జీతం పడగానే తెచ్చి ఇస్తాను తమ్ముడూ.