విడిచిన ట్రక్కుల హుక్కులు: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

వరికోతలు మొదలైతే కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట వైపు రోడ్ల పక్కన ట్రాక్టర్ లేని ట్రక్కులు, అంటే ట్రాక్టర్ వెనక లాగే తొట్లు, కనిపిస్తుంటాయి. ఒకటి నింపి నిలబెట్టి, ట్రాక్టర్‌ను ఇంకో ట్రక్కుకు తగిలించుకుని పోతారు. మిల్లు దగ్గర కాటా ఆలస్యమైతే తెల్లార్లూ అక్కడే. దాన్ని నేను తప్పుపట్టను. నేనూ రైతునే, కోతల్లో ట్రాక్టర్ దొరకడం ఎంత కష్టమో తెలుసు. నా భయమంతా ఆ ట్రక్కు హుక్కు గురించే.

ట్రక్కు ముందు ఇనప కమ్ములు కలిసే చోట రింగు ఉంటుంది కదా, మేం హుక్కు అనేది దాన్నే, దాని కింద రాయో మొద్దో పెట్టి వదిలేస్తారు. నాలుగు చక్రాల ట్రక్కు అయితే ఆ కమ్మి ముందు ఇరుసుతో పాటు తిరుగుతుంది. ట్రాక్టర్ పక్కకు తిరిగి విడిపించుకుపోతే హుక్కు రోడ్డు వైపే చూస్తూ ఉంటుంది. రంగు ఎప్పుడో పోయి, గ్రీజూ మట్టీ పట్టి తారులో కలిసిపోతుంది. రిఫ్లెక్టర్ స్టిక్కర్లు ఉంటే గింటే వెనక తలుపుకే. ఎదురు లారీ లైట్లు కళ్లలో కొట్టినప్పుడు బైకు మీద వచ్చే మనిషికి ట్రక్కు తొట్టి లీలగా కనిపిస్తుంది, పక్కనుంచి పోవచ్చనుకుంటాడు. హుక్కు కనిపించదు. తగిలితే దెబ్బంతా ఒక్క చోట, కాలి ఎముక మీద పడుతుంది.

పికప్ వ్యాన్ల వెనక బిగించే హుక్కులూ అంతే. పిన్ను లాగితే ఊడి వచ్చేవాటిని కూడా తీయరు. వెనకనుంచి ఎవరైనా గుద్దితే బండికి కాపు అంటారు. ఆ దెబ్బ నేరుగా బండి అడుగు చట్రానికే (చాసిస్‌కే) పోతుందని ఆలోచించరు. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ బండ్ల ముందు బిగించే ఇనప కమ్ములను (బుల్ బార్లను) తీయించమని రాష్ట్రాలకు రాసింది, నడిచే వాళ్లకు ప్రమాదమని. వెనక హుక్కుకూ అదే న్యాయం కావాలి.

బండిని ఇతరులకు ప్రమాదంగా వదలకూడదని మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ చెబుతోంది. అలాంటి బండిని తీయించే అధికారం 127వ సెక్షన్ పోలీసులకు ఇచ్చింది. అలాగని కోతల కాలంలో రైతుల మీద కేసులు రాయమని నేను అడగను. రైతు సేవా కేంద్రాల్లో, మిల్లుల గేట్ల దగ్గర రిఫ్లెక్టర్ టేపు ఇప్పించండి, హుక్కు కొసకు చుట్టించండి. ట్రాక్టర్ విడిచేటప్పుడు హుక్కు చేను వైపు తిప్పి పెట్టాలని ఊళ్లలో దండోరా వేయించండి. పికప్‌లు ఫిట్‌నెస్ తనిఖీకి వచ్చినప్పుడు వెనక హుక్కు కూడా చూసేలా రవాణా శాఖకు చెప్పండి. ట్రక్కు నిలిపి ఉంచే మిల్లు ముందు రాత్రిపూట ఒక్క లైటు వెలిగించడం యజమానికి భారం కాదు.

ఈ విషయాన్ని జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశంలో, వచ్చే కోతలకు ముందే చర్చకు పెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
కోవూరు మండల రైతు