చీము ఆగితే చెవి నయమైనట్టు కాదు

తల్లిదండ్రులకు, పగలంతా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే మామ్మలకు, అమ్మమ్మలకు నమస్కారం.

జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి, వానలు మొదలయ్యాయంటే హాజరుపట్టీలో ఒక కారణం పదేపదే కనిపిస్తుంది: "చెవి కారుతోందండీ, అందుకే పంపలేదు." రెండు రోజులకి చీము ఆగుతుంది, పిల్లవాడు బడికి వస్తాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే చెవి. ఈ ఉత్తరం అలాంటి పిల్లల గురించే.

ముక్కు వెనక నుంచి కర్ణభేరి లోపలి గదిలోకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏటవాలుగా ఉంటుంది, చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. వాలు లేని బోదెలో నీళ్లు నిలిచిపోతాయి కదా, జలుబుకి ఆ గొట్టం వాచినప్పుడు చెవి లోపలా అంతే. నిలిచిన తేమ చీముగా మారి, ఒత్తిడికి కర్ణభేరి చిట్లి బయటికి వస్తుంది. నొప్పి చప్పున తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు పొరబడేది సరిగ్గా ఇక్కడే. చాలామందికి ఆ చిల్లు కొన్ని వారాల్లో పూడిపోతుంది. పూడనివాళ్లకి తలంటిన ప్రతిసారీ, కాలువలో మునిగిన ప్రతిసారీ నీళ్లు లోపలికి పోయి చెవి మళ్లీ కారుతుంది. పూడిందో లేదో చెవిలోకి లైటు వేసి చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

అందుకే ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు చెవిపోటు వచ్చినా, చీము రెండు వారాలు దాటి కారినా ఈఎన్‌టీ డాక్టరుకే చూపించండి. కొద్దికొద్దిగానే కారుతున్నా ముక్కు మూసుకోవాల్సినంత కంపు ఉంటే అసలు ఆగొద్దు. లోపల ఎముకని తినేసే రకం జబ్బు అలాగే మొదలవుతుంది. చెవి వెనక వాచి చెవిడొప్ప ముందుకు తోసినట్టు కనబడినా, మూతి ఒక పక్కకి లాగినా, జ్వరంతో పాటు వాంతులు, మెడ బిగదీయడం, కళ్లు తిరగడం ఉన్నా తెల్లారేదాకా కూడా చూడకుండా 108కి ఫోన్ చేయండి.

నొప్పీ చీమూ లేని రకం ఇంకొకటి ఉంది. కర్ణభేరి వెనక జిగురు నీరు నిలిచి, వినికిడి మందగిస్తుంది. పిల్లలు చెప్పరు, వాళ్లకి తెలియదు. ఈ రాత్రి మీ పిల్లల డిక్టేషన్ పుస్తకం తీసి చూడండి. 'కోట' అంటే 'తోట', 'తాడు' అంటే 'పాడు' రాసి ఉన్నాయా? టీవీ సౌండు పెంచుతున్నారా, వెనక నుంచి పిలిస్తే పలకడం లేదా? దీన్ని పరధ్యానం అనుకుని తిట్టకండి, కొట్టకండి. ఎక్కువమందికి మూడు నెలల్లో అదే తగ్గుతుంది. తగ్గకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. నోటితో ఊపిరి తీస్తూ, గురకపెట్టి నిద్రపోయే పిల్లలైతే ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి.

చెవిలో వెల్లుల్లి వేసి కాచిన నూనె, పసరు, కోడిఈక, పిన్నీసు, అగ్గిపుల్ల ఏవీ వద్దు. చిల్లున్న చెవిలో నూనె పోస్తే లోపలి గదిలోకే పోతుంది, మన ఉక్కపోత వాతావరణంలో బూజు కూడా పడుతుంది. పోయినసారి మిగిలిన చుక్కల మందూ వేయకండి. జెంటామైసిన్ లాంటి కొన్ని మందులు చిల్లు గుండా లోపలికి దిగితే వినికిడికే ప్రమాదం. సీసా మూత తీసి నెల దాటితే పారేయడమే మంచిది.

చెవి కారుతున్నప్పుడు ఇంట్లో చేయాల్సింది తుడవడం. ఉతికి ఆరేసిన మెత్తటి నూలుగుడ్డ ముక్కని మొన వచ్చేలా ఒత్తిలా నలపండి. పుల్లకి చుట్టకూడదు. చెవి రంధ్రంలో పెట్టి, తడిసేదాకా ఉంచి తీసేయండి. మళ్లీ కొత్త ఒత్తి. మొన పొడిగా వచ్చేదాకా ఇలాగే, రోజుకి మూడుసార్లు. డాక్టరు రాసిన చుక్కలు ఆ తర్వాతే వేయాలి. చీము నిండిన చెవిలో వేసిన మందు పైనే ఉండిపోతుంది. సీసాని రెండు నిమిషాలు గుప్పిట్లో వెచ్చబెట్టండి, చల్లగా వేస్తే పిల్లలకి కళ్లు తిరుగుతాయి. పక్కకి పడుకోబెట్టి, చెవిని పైకీ వెనక్కీ లాగి (మూడేళ్లలోపు పిల్లలకైతే కిందకీ వెనక్కీ) చుక్కలు వేసి, ఐదు నిమిషాలు కదలనివ్వకండి. తలంటేటప్పుడు వాజలైను రాసిన దూదిని చెవి బయట అడ్డు పెట్టి, తర్వాత తీసేయండి. చిల్లు పూడిందని డాక్టరు చెప్పేదాకా కాలువలో, చెరువులో ఈతలు వద్దు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఏ చెవి, ఏ తేదీన, ఎన్ని రోజులు కారిందో కాగితం మీద రాసుకుని, పాత చీటీలు, మందు సీసాలు పట్టుకెళ్లండి. యాంటీబయాటిక్ ఇస్తే జ్వరం తగ్గినా సరే, రాసినన్ని రోజులూ వేయాలి. లేచే ముందు మూడు మాటలు అడగండి: కర్ణభేరికి చిల్లు ఉందా? వినికిడి పరీక్ష ఎప్పుడు? మళ్లీ ఎప్పుడు రావాలి? ఆ మళ్లీ వెళ్లడమే మన దగ్గర ఎక్కువగా తప్పిపోతోంది. చీము ఆగాక వెళితేనే కర్ణభేరి శుభ్రంగా కనబడుతుంది.

దగ్గరి ఏరియా ఆసుపత్రిలో ఈఎన్‌టీ డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో ఆశా కార్యకర్తని గానీ ఏఎన్‌ఎం గారిని గానీ ముందే కనుక్కోండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఈఎన్‌టీ విభాగం ఉంది. ఆపరేషన్ అవసరమంటే, వైద్యసేవ కార్డుకి వర్తిస్తుందేమో ఆరోగ్యమిత్రని అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్ బృందం బడికి వచ్చినప్పుడు చెవులూ చూస్తారు, వాళ్లు ఇచ్చిన రిఫరల్ చీటీ భద్రపరచండి.

చెవి బాధ ఉన్న పిల్లల పేరు, ఏ చెవో రాసి క్లాసు టీచరుకి పంపండి. బాగా వినబడే చెవి టీచరు వైపు ఉండేలా ముందు బెంచీలో కూర్చోబెడతాం. ఆసుపత్రికి వెళ్లిన రోజు పాఠాన్ని మర్నాడు చెబుతాం.

మీ ప్రధానోపాధ్యాయురాలు