సబ్జెక్ట్: తోలుబొమ్మలాట పట్టపగలు పెట్టినందుకు మా డబ్బులు వెనక్కి ఇవ్వడం గురించి

కస్టమర్ సపోర్ట్ వాళ్లకి,

నమస్తే అండి. మీ యాప్‌లో 'మీ భాషలోనే రాయండి' అని ఉంది కదా అని తెలుగులో రాస్తున్నా, బెంగళూరు ఆఫీసులో తెలుగు చదివేవాళ్లు లేరంటే నేను నమ్మను. పోయిన శనివారం మ్యూజియంలో మీరు పెట్టిన సమ్మర్ ఫెస్టివల్‌కి నాలుగు టికెట్లు తీసుకున్నా, ఒక్కోటి 599, మీ ఫీజుతో కలిపి 2,540 అయింది. ఫుడ్ కార్డులో ఇంకో వెయ్యి వేయించారు, దాని సంగతి కింద రాస్తా.

అసలు మేము టికెట్ కొన్నదే రాత్రి 7 గంటలకి తోలుబొమ్మలాట అని వేశారు కాబట్టి. మా అమ్మది ధర్మవరం దగ్గర, ఆ బొమ్మలు చేసే నిమ్మలకుంట అక్కడికి పక్కనే. చిన్నప్పుడు జాతరలో అన్నాలు తినేసి చాప పట్టుకుపోయి తెల్లారేదాకా చూసేవాళ్లంట. ఆ ఆటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క ఎట్లా తిట్టుకుంటారో వారం నుంచి మా వాడికి చేసి చూపిస్తా ఉంది, దీనికోసమే రైలెక్కి వచ్చింది పాపం.

మా వాడికి మట్టి బొమ్మల వర్క్‌షాప్ ఉందని మూడున్నరకే వచ్చాం కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ పోయేది, ఎందుకంటే గేటు దగ్గర పిల్లాడు చెప్పాడు ఆట నాలుగింటికే అని. యాప్‌లో అప్పటికీ 7 అనే ఉంది, మెసేజ్ లేదు ఏం లేదు. ఏడింటి స్లాట్ డీజేకి ఇచ్చారంట.

నాలుగింటికి, మే నెలలో, పైన మొత్తం గ్లాసు కప్పు ఉన్న హాల్లో! తోలు గీకి గీకి పల్చగా చేసి రంగులు వేసేదే వెనకాల దీపం పెడితే వెలుగు బొమ్మలోంచి ఇవతలికి రావాలని, నల్ల నీడ కాదు రంగుల నీడ. ఒకప్పుడు ఆముదం దీపాలు, ఇప్పుడు బల్బులు, ఏదైనా సరే ఇవతల చీకటి ఉండాలి కదా. ఇంత చిన్న విషయం ఆ ఆర్టిస్టుల్ని ఒక్క మాట అడిగినా చెప్పేవాళ్లు. తెర మీద ఎండ పడి తెల్లగా మెరుస్తోంది, పాట వినిపిస్తోంది, కాళ్ల కింద చెక్కలు టకటకా తొక్కే చప్పుడు వినిపిస్తోంది, కనిపించేది మాత్రం ఏం లేదు. మా అమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుని 'బొమ్మలేవిమే, నాకు గుడ్డ ఒకటే కనపడతాంది' అంది. నేనేం చెప్పాలి?

పావుగంటకే సగం మంది లేచిపోయారు. అప్పుడు అందులో పెద్దాయన ఆట ఆపేసి దాదాపు మనిషెత్తు ఉన్న హనుమంతుణ్ణి తీసుకుని తెర ముందుకి వచ్చి, పై నుంచి పడే ఎండకి అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. ఎరుపు, ఆకుపచ్చ, నగల కోసం పొడిచిన చిల్లులు అన్నీ ఒక్కసారి వెలిగాయి, పిల్లలంతా పరిగెత్తుకెళ్లారు. మీరు చెయ్యాల్సిన పని ఆయన చేశాడు, చెయ్యి నొప్పెట్టి దించేదాకా.

మీ చాట్‌లో కంప్లైంట్ పెడితే 'షెడ్యూల్ మారవచ్చు అని టర్మ్స్‌లో ఉంది, ఈవెంట్ జరిగింది కాబట్టి రీఫండ్ రాదు' అని వచ్చింది. మార్చండి, నేను కాదనలేదు, అదే ఫెస్టివల్‌లో పెట్టిన సిద్దీ తెగ వాళ్ల డ్యాన్స్ ఏ టైంకి పెట్టినా బాగుంటుంది, నిజంగానే అదిరిపోయింది కూడా. దీనికి అట్లా కుదరదు, పగలు పెడితే మీరు అమ్మిన ఆట అక్కడ లేనట్టే. సినిమా హాల్లో లైట్లన్నీ వేసి సినిమా జరిగింది అంటే ఒప్పుకుంటారా?

ఇంకోటి, మన ఏటికొప్పాక కొయ్యబొమ్మల స్టాల్ మీద కర్ణాటక వాళ్ల చెన్నపట్న బొమ్మలు అని బోర్డు పెట్టారు. స్టాల్ ఆవిడ పొద్దున్నుంచి అందరికీ కాదమ్మా మాది ఆంధ్రా అని చెప్పీ చెప్పీ అలిసిపోయింది. రెండూ చేసేది ఒకే చెట్టు కర్రతోనే, మనం అంకుడు అంటాం, ఇక్కడ కన్నడ వాళ్లు ఆలె అంటారు, అదే రాసి ఉంటే ఎంత బాగుండేది! ఫుడ్ కార్డులో 710 ఖర్చయింది, మిగిలిన 290 వెనక్కి రాదన్నారు, ఎందుకు రాదో ఎవరూ చెప్పలేదు.

మొత్తం 2,830 నా అకౌంట్‌లో వెయ్యండి. లేదంటే ఇంకో దారి ఉంది, ఫెస్టివల్ ఈ శనివారం కూడా ఉంది కదా, ఆ ట్రూప్‌ని మళ్లీ పిలిచి వాళ్ల డబ్బులు వాళ్లకి వేరే ఇచ్చి రాత్రి ఏడింటికి పెట్టి లైట్లు ఆర్పండి, మమ్మల్ని అవే టికెట్ల మీద లోపలికి రానివ్వండి, అప్పుడు 290 ఒక్కటే ఇస్తే చాలు. ఏదైనా గురువారం లోపు చెప్పండి, అమ్మకి ఆదివారం పొద్దున రైలు.

ఇట్లు,
మారతహళ్లి నుంచి మీ కస్టమర్