అంబాసిడర్ కిట్‌లో లోపాలు, వెనక్కి తీసుకోబోమన్న మీ నిబంధనపై ఫిర్యాదు

కడప,
18 ఫిబ్రవరి 2025

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

అయ్యా,

మీ వెబ్‌సైటులో నేను కొన్న 1/24 స్కేలు (అసలు కారులో 24వ వంతు) అంబాసిడర్ కారు ప్లాస్టిక్ కిట్‌లో, అంటే విడి భాగాలు అతికించి కట్టుకునే చిన్న కారులో, బాడీ వంకరగా ఉంది. ముందు అద్దం పాడై వచ్చింది. కిట్‌తో కలిపి అమ్మిన స్ప్రే రంగు ఆ కిట్ ప్లాస్టిక్‌నే తినేస్తోంది. ఈ సంగతులన్నీ ఫొటోలతో సహా మీ సేవా విభాగానికి ఇదివరకే రాశాను. స్ప్రూ నుంచి, అంటే భాగాలన్నీ అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం నుంచి, భాగాలు కత్తిరించిన కిట్లను వెనక్కి తీసుకోబోమనీ, మా ప్రాంతంలో ఎండలు ఎక్కువ కాబట్టి నా దగ్గరే వేడికి పాడై ఉండవచ్చనీ జవాబు వచ్చింది. ఈ రెండు మాటల్లో ఒక్కటీ నిలవదు. అందుకే ఈసారి నేరుగా మీకు వివరంగా రాస్తున్నాను.

నేను ఆర్టీసీ వర్క్‌షాపులో బస్సులకు రంగులు వేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. పుట్టీ పట్టడం, వాటర్ పేపర్‌తో రుద్దడం, ప్రైమర్, రంగు, చివరి మెరుగు నా జీవితకాలపు పని. ఇప్పుడదే పనిని చిన్న కార్ల మీద, తొమ్మిదో తరగతి చదివే మా మనవరాలితో కలిసి చేస్తున్నాను. విదేశీ కార్ల కిట్లు దొరుకుతాయి గానీ మన రోడ్ల మీద తిరిగిన కారు కిట్ రూపంలో కనిపించడం అరుదు. అందుకే మీ ప్రకటన చూడగానే డబ్బు కట్టాను. మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు సిరీస్ 3 నమూనా నుంచి పుట్టి, 2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయేదాకా ఈ దేశంలో మంత్రుల నుంచి టాక్సీ డ్రైవర్ల దాకా అందరినీ మోసిన బండి అది. మా ఊరి నుంచి రాజంపేట, కోడూరు మీదుగా తిరుపతికి కొండ మొక్కులు తీర్చుకోవడానికి కుటుంబాలకు కుటుంబాలు అందులోనే వెళ్లేవి. దాన్ని సరిగ్గా చేయాలని నాకు పట్టుదల ఉంది. మీకూ ఉండాలని కోరుకుంటున్నాను.

మీ పనిలో మంచి ఉన్నచోట చెప్పకపోతే అన్యాయం. అసలు కారు పొడవు 4,325 మిల్లీమీటర్లు, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం 2,464. వీటిని 24తో భాగిస్తే పొడవు 18 సెంటీమీటర్లు, చక్రాల మధ్య దూరం సుమారు 10.3 సెంటీమీటర్లు రావాలి. మీ కిట్ కొలతలు దీనికి సరిగ్గా సరిపోయాయి. ముందు జాలీలోని గడులు, డాష్‌బోర్డు మీది గీతలు చాలా శుభ్రంగా వచ్చాయి. అచ్చు చెక్కిన మనిషి పని తెలిసినవాడు. తప్పంతా అచ్చు తర్వాత జరిగిన పనుల్లోనే ఉంది.

మొదట బాడీ సంగతి. జిగురు పెట్టకముందు భాగాలన్నిటినీ ఒకసారి ఊరికే అమర్చి చూసుకోవడం ఈ పనిలో తప్పనిసరి. ఎందుకంటే ప్లాస్టిక్ సిమెంట్ అనేది కాగితం అంటించే జిగురులా పైపైన పట్టేది కాదు. రెండు అంచులనూ కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. అతికాక విడదీస్తే భాగం మిగలదు. అలా చూసినప్పుడు ఛాసిస్ (కారు అడుగు భాగం) బాడీలో కూర్చోలేదు. ఛాసిస్‌ను పక్కన పెట్టి, బాడీ ఒక్కదాన్నే మా ఇంట్లోని పాలిష్ చేసిన కడప బండ మీదా, తర్వాత మందపాటి గాజు పలక మీదా ఆనించి చూశాను. రెండు చోట్లా మూడు మూలలు ఆనాయి, డ్రైవరు వైపు ముందు మూల గాలిలో ఉంది. ఆ సందులో రూపాయి బిళ్ల సులువుగా దూరింది. మీ కిట్ స్కేలులో అది ఒకటిన్నర మిల్లీమీటరు. అసలు కారులో అయితే మూడున్నర సెంటీమీటర్లకు పైగా ఎత్తు తేడా. షోరూములో అలాంటి కారు నిలబెడితే ఎవరైనా కొంటారా?

ఇలాంటి వంకర ఎలా వస్తుందో మీ ఫ్యాక్టరీలో పనిచేసేవారికి నాకంటే బాగా తెలుసు. ఈ కిట్లకు వాడే ప్లాస్టిక్ పాలీస్టైరీన్. దాన్ని కరిగించి అచ్చులోకి ఒత్తిడితో పంపిస్తారు. అది లోపల సమంగా చల్లారి గట్టిపడాలి. తొందరపడి ముందే బయటకు తీసినా, ఒక పక్క ముందుగా మరో పక్క ఆలస్యంగా చల్లారినా లోపల బిగువు మిగిలి భాగం మెలిపడుతుంది. పైకప్పును మోసే సన్నని స్తంభాలున్న కారు బాడీలో ఇది మరీ సులువుగా జరుగుతుంది. డబ్బాలో పెట్టేముందు ఒక చదునైన బల్ల మీద ఆనించి చూస్తే క్షణంలో బయటపడే లోపం ఇది.

వేడినీళ్లలో ముంచి మెల్లగా వంచి సరిచేసుకోమని మీ సేవా విభాగం సలహా ఇచ్చింది. ఆ పద్ధతి నాకు తెలియనిది కాదు. విడిగా ఉన్న ఒక బంపరుకో, సన్నని కడ్డీకో అది పనికొస్తుంది. సన్నని స్తంభాల మీద పైకప్పు నిలిచిన ఒకే ముక్క బాడీని ఒక మూల దించబోతే తలుపు గీతలు, అద్దాల చట్రాలు దారి తప్పుతాయి. అయినా కొత్త వస్తువుకు పూర్తి ధర తీసుకుని, దాన్ని పనికొచ్చే వస్తువుగా మార్చే పని కొన్నవాడికి అప్పగించడం ఏ వ్యాపార ధర్మం?

ఇక ముందు అద్దం. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే, ఎందుకంటే దీన్ని మా మనవరాలు కనిపెట్టింది. అద్దాలున్న పారదర్శక ఫ్రేమునూ నాలుగు మెత్తని టైర్లనూ మీరు ఒకే కవరులో పెట్టి సీలు వేశారు. మీ సూచనల పత్రం ప్రకారం అద్దాలు అమర్చేది చివరి దశల్లో కాబట్టి ఆ కవరు ఆఖరున విప్పాము. ఒక టైరు ముందు అద్దానికి అతుక్కుని ఉంది. లాగితే వచ్చింది, కానీ దాని గాడుల అచ్చు అద్దం మీద మిగిలింది. గోరుతో తడిమితే తగిలేంత లోతుగా ఉంది. డ్రైవరు చూసేచోట టైరు గుర్తు పడిన కారును ఆ పిల్ల చేతిలో పెట్టి ఏమని చెప్పాలో నాకు తోచలేదు.

ఇది మోడళ్లు చేసేవారందరికీ ఎన్నో ఏళ్లుగా తెలిసిన విషయం. మెత్తని వినైల్ టైర్లకు ఆ మెత్తదనం రావడానికి ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది మెల్లమెల్లగా పైకి వచ్చి, తాకుతున్న పాలీస్టైరీన్‌లోకి ఇంకి దాన్ని మెత్తబరుస్తుంది. వేడి దీన్ని త్వరపెడుతుంది, నిజమే. కానీ టైరు అద్దాన్ని తాకకపోతే ఎంత ఎండలోనైనా ఈ గుర్తు పడదు. తాకించి పెట్టింది నేను కాదు. టైర్లకు విడిగా ఒక చిన్న కవరు వేస్తే సరిపోయేది. దాని ఖర్చు పైసల్లో ఉంటుంది.

మా ఎండల మీద తప్పు నెట్టడం గురించి కూడా చెప్పాలి. కడపలో మే నెలలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది, అది దాచేదేమీ కాదు. అయితే మీ పార్సిల్ సంక్రాంతి రోజుల్లో వచ్చింది. పాలీస్టైరీన్ మెత్తబడేది దాదాపు 100 డిగ్రీల దగ్గర. నీడలో, బీరువాలో పెట్టిన కిట్ జనవరిలో వంకరపోయిందంటే అది మా ఊరి ఎండ పని కాదు. ఒకవేళ మీ గోదాములోనో, లారీలోనో వేడికి పాడైందని మీరు అనుకుంటే, ఆ బాధ్యత కూడా మీదే. ఈ దేశంలో కిట్లు అమ్మేవారు ఈ దేశపు ఎండకు తట్టుకునేలా ప్యాక్ చేయాలి.

రంగు డబ్బా సంగతికి వస్తాను. "ఈ కిట్‌కు సరిపోయే రంగు" అని మీ వెబ్‌సైటులో కిట్ పక్కనే చూపి కలిపి అమ్మారు. డబ్బా మీద అన్ని ప్లాస్టిక్‌లకూ అని ఉంది. అది ఏ జాతి రంగో, ఏ ద్రావకం ఉందో, ముందు ప్రైమర్ కావాలో వద్దో ఎక్కడా లేదు. రంగుల పనిలో జీవితం గడిపినవాడిని కాబట్టి ముందు ఖాళీ స్ప్రూ కడ్డీ మీద కొట్టి చూశాను. ఆరేలోపే ఉపరితలం ముడతపడి, సాలెగూడులాంటి సన్నని పగుళ్లు తేలాయి. అంటే అందులోని ద్రావకం పాలీస్టైరీన్‌కు మించిన ఘాటుది. రిమోట్ కార్ల బాడీలకు వాడే పాలీకార్బొనేట్ వేరు, ఈ కిట్లలోని పాలీస్టైరీన్ వేరు. ఒకదానికి చేసిన రంగు మరొకదాన్ని చెరుపుతుంది. పేరున్న రంగుల కంపెనీలు అందుకే రెండింటికీ వేర్వేరు వరుసలు అమ్ముతాయి.

నేను పరీక్షించి చూశాను కాబట్టి బాడీ దక్కింది. కానీ మీ మాట నమ్మి మొదటి కిట్ కొన్న ఒక కుర్రవాడిని ఊహించండి. సబ్బునీళ్లతో భాగాలు కడిగి, అచ్చు నుంచి అంటుకొచ్చిన నూనె వదిలించి, ఆరబెట్టి, ఎంతో ఆశతో మీ డబ్బా ఊపి బాడీ మీద కొడతాడు. ఒక్క నిమిషంలో అంతా పాడైతే, తనకు చేతకాలేదని అనుకుంటాడు. మళ్లీ ఆ పని జోలికి రాడు. ఇదే నాకు కోపం తెప్పిస్తోంది.

ఇప్పుడు అసలు విషయం, మీ నిబంధన. స్ప్రూ నుంచి ఒక్క భాగం కత్తిరించినా కిట్ వెనక్కి తీసుకోరు. మీ సూచనల పత్రంలో మొదటి మెట్టే భాగాలు కత్తిరించమంటుంది. బాడీలో ఛాసిస్ కూర్చుంటుందో లేదో ఛాసిస్‌ను ఫ్రేము నుంచి వేరుచేయకుండా తెలుసుకునే మార్గం ఏదైనా ఉంటే చెప్పండి, నేర్చుకుంటాను. కిట్ అనేది కత్తిరించడానికే అమ్మే వస్తువు. వాడితేనే బయటపడే లోపాలను వాడారన్న కారణంతోనే తోసిపుచ్చితే, మీ కిట్లలో ఏ లోపానికీ మీరు ఎన్నటికీ జవాబుదారీ కారు. నేను పోరాడుతున్నది ఒక బాడీ ముక్క కోసమే కాదు, ఈ వాక్యాన్ని మీరు తీసేయాలని.

కిట్ మొత్తం మార్చడం మీకు నష్టమని అనిపిస్తే దానికీ దారి ఉంది. జపాన్‌కు చెందిన తమియా అనే కిట్ల తయారీ కంపెనీ సూచనల పత్రంలోనే విడిభాగాల పట్టిక ఇస్తుంది. ఏ ఫ్రేము పాడైందో దాన్నే తెప్పించుకోవచ్చు. మీరూ అలా చేయండి. నాకు కొత్త బాడీ, కొత్త పారదర్శక ఫ్రేము పంపండి, రంగు డబ్బా ధర తిరిగి చెల్లించండి. పాడైన భాగాలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ ఖర్చుతో కొరియర్ పంపితే అదే రోజు అప్పగిస్తాను. ఆ రంగును పాలీస్టైరీన్ కిట్ల పక్కన అమ్మడం వెంటనే ఆపండి. గోదాములో మిగిలిన డబ్బాల్లోని టైర్లను విడి కవర్లలోకి మార్పించండి. నాలాంటి అద్దాలు అక్కడ ఇంకెన్ని ఉన్నాయో ఒకసారి చూడండి.

లోపమున్న వస్తువును అమ్మాక వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. మీ వెబ్‌సైటులోని ఒక వాక్యం ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. ఆన్‌లైన్ వ్యాపారాలకు 2020లో వచ్చిన నియమాల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. కొన్నవారు నివసించే చోటే ఫిర్యాదు వేసుకునే హక్కును ఆ చట్టమే ఇచ్చింది కాబట్టి మీ ఊరికి రావలసిన అవసరం నాకు లేదు. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లకు అక్కడ ఫీజు కూడా లేదు.

బిల్లు నకలు, మీ సేవా విభాగం పంపిన జవాబు, గాజు పలక మీద బాడీ, అద్దం మీది టైరు అచ్చు, పగిలిన స్ప్రూ కడ్డీ ఫొటోలు జతచేశాను. దయచేసి ఫోనులో కాకుండా రాతపూర్వకంగా, మీ పేరు, హోదాతో జవాబు ఇవ్వండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
రిటైర్డ్ పెయింటర్, ఆర్టీసీ వర్క్‌షాపు,
కడప