జనరేటర్ ఎక్కడ పెట్టాలో వానలకు ముందే తేల్చుకోవాలి

సంపాదకులకు,

చెన్నైలో అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేలోగా ప్రతి అపార్ట్‌మెంట్ సంఘమూ ఒక నిర్ణయం తీసుకోవాలి. కరెంటు పోయినప్పుడు తెచ్చుకునే పెట్రోలు జనరేటర్‌ను ఎక్కడ పెడతారన్నదే ఆ నిర్ణయం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతాల్లో నీళ్లు నిలిచి, చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. ఆవరణంతా మోకాటి లోతు నీళ్లున్నప్పుడు, జనరేటర్ తడవకుండా ఉంటే చాలునని దాన్ని మెట్ల కిందికో, పార్కింగులోకో, బాల్కనీలోకో చేరుస్తారు. ప్రాణాపాయం అక్కడే ఉంది.

జనరేటర్ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలైతే అలసట అనుకుని పడుకున్న మనిషి మళ్లీ లేవకపోవచ్చు. పార్కింగు మూడు వైపులా తెరిచే ఉంది కదా అని చాలామంది అంటారు గానీ, మెట్లదారి, లిఫ్టు షాఫ్టు, బాత్‌రూముల వెనక డక్టు పొగగొట్టాల్లా పనిచేసి ఆ గాలిని పై అంతస్తులకు చేరవేయగలవు. అందరికంటే ముందు దెబ్బతినేది వాచ్‌మన్ కుటుంబం. చాలా భవనాల్లో వారి గది తలుపు, దానికున్న ఒక్క కిటికీ కూడా పార్కింగు వైపే తెరుచుకుంటాయి. పైవాళ్ల ఫ్రిజ్‌లు ఆగకూడదని ఆ పిల్లల్ని పొగలో పడుకోబెట్టడం అన్యాయం.

తలుపులకు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, పూర్తిగా ఆరుబయట, పొగ ఇళ్లవైపు రాకుండా జనరేటర్‌ను ఉంచాలని నిపుణులు చెబుతారు. పక్క భవనం కిటికీలనూ లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే మన వీధుల్లో రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సన్నని సందు తప్ప ఏమీ మిగలదు. నీరు చేరని ఎత్తులో దిమ్మె కట్టించి, పైన రేకు వేసి, నాలుగు వైపులా తెరిచి వదలాలి. అంత చోటు లేని భవనాల్లో, కొన్ని గంటలే వచ్చినా సరే, ఇన్వర్టర్‌తో సరిపెట్టుకోవడమే మంచిది. జనరేటర్ వైరును గోడ సాకెట్‌లో గుచ్చి ఇంటికి కరెంటు ఎక్కించే అలవాటు కూడా మానాలి, ఆ కరెంటు వెనక్కి పాకితే లైను బాగుచేసే కార్మికుల ప్రాణాలు పోతాయి.

నగరపాలక సంస్థ, విద్యుత్ సంస్థ తుపానుకు ముందు ఇచ్చే సూచనల్లో ఈ 20 అడుగుల మాటను కూడా చేర్చాలని, సంఘాలు సెప్టెంబరు సమావేశంలోనే వాచ్‌మన్‌ను కూడా కూర్చోబెట్టుకుని ఆ చోటును నేలమీద రంగుతో గుర్తు పెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ నివాసి,
వేళచ్చేరి, చెన్నై