ఎనిమిది గంటలూ చూశాను, ఇక విను

విజయనగరం

చి॥ చిన్నాకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్నగారి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పొద్దున్నే పెద్ద చెరువు గట్టు మీదికి నడక మళ్లీ మొదలెట్టారు.

ఇవన్నీ ఫోన్‌లోనే చెబుదును గానీ, నేను నోరు తెరవగానే "అమ్మా, నీకు రాక్ సంగతి తెలీదు" అంటావు. ఉత్తరానికి అడ్డుపడలేవు కదా, అందుకని రాస్తున్నాను. నువ్వు పంపిన రాక్ బ్యాండ్ల డాక్యుమెంటరీ సినిమాల లిస్టులో 'ది లాస్ట్ వాల్ట్జ్' మొదట పెట్టి, 'గెట్ బ్యాక్'ని అట్టడుగున పడేసి, పక్కన "ఎనిమిది గంటల సోది, ఓపికుంటేనే" అని రాశావు. నా లెక్క సరిగ్గా తలకిందులు.

'గెట్ బ్యాక్' సంగతే తీసుకో. 1969 జనవరి. బీటిల్స్ నలుగురూ పెద్ద షెడ్డులాంటి షూటింగు ఫ్లోరులో చలికి ముడుచుకుని కూర్చున్నారు. నెలాఖరుకల్లా కొత్త పాటలు తయారు కావాలి, జనం ముందు వాయించాలి. చేతిలో పాటలు చాలినన్ని లేవు. జాన్ లెనన్ ఇంకా రాలేదు. పాల్ మెకార్ట్నీ తన బేస్ గిటార్‌నే మామూలు గిటార్‌లా గీకుతూ, అర్థంలేని మాటలేవో గొణుగుతున్నాడు. ఎదురుగా జార్జి గుంటడు ఆవలిస్తున్నాడు. రింగోది నిద్రమొహం. ఆ గొణుగుడులోంచే 'గెట్ బ్యాక్' పాట బాణీ మెల్లిగా బయటపడుతుంది. ఆవలించిన జార్జే గిటార్ అందుకుంటాడు. రెండు మూడు నిమిషాల ముచ్చట. నేను వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.

కచేరీలు నేను బోలెడు చూశాను. కచేరీకి ముందు జరిగేది ఎవరూ చూపించరు. సంగీత కళాశాలలో మా మాస్టారు పాటలో ఒక్క సంగతి పట్టుకుని, అది చేతికి ఎక్కేదాకా గంటసేపు అక్కడే కూర్చోబెట్టేవారు. తప్పు వాయించడం, నవ్వుకోవడం, విసుక్కోవడం, టీ తాగి మళ్లీ మొదలెట్టడం. పాట పుట్టేది అక్కడే. ఆ చోటు చూపించని బ్యాండు సినిమా ఎంత అందంగా ఉన్నా నాకు ఊరేగింపు చూసినట్టే ఉంటుంది.

పైగా అప్పుడు తీసిన ఆ సరుకుతోనే మైకేల్ లిండ్సే-హాగ్ 1970లో 'లెట్ ఇట్ బి' అని గంటా ఇరవై నిమిషాల సినిమా చేశాడు. అది హాళ్లలోకి వచ్చేసరికి బ్యాండు విడిపోయింది, అందరూ దాన్ని విడాకుల సినిమాగానే చూశారు. యాభై ఏళ్లు దాటాక పీటర్ జాక్సన్ అవే రీళ్లతో 'గెట్ బ్యాక్' తయారుచేశాడు. దాదాపు 60 గంటల బొమ్మ, 150 గంటలకు పైగా శబ్దం. చూస్తే పోట్లాటల మధ్య కావలసినన్ని నవ్వులు. బాగా కత్తిరిస్తేనే సినిమా అంటావు నువ్వు. ఆ గంటా ఇరవై నిమిషాల్లో ఏం ఎగిరిపోయిందో ఈ ఎనిమిది గంటలు చూస్తే గానీ తెలీదు.

"దాని నిర్మాతలెవరో చూశావా, వాళ్ల గురించి వాళ్లే చెడ్డగా చూపించుకుంటారా?" అంటావు. చూశాను. పాల్, రింగో, జాన్ భార్య యోకో ఓనో, జార్జి భార్య ఒలీవియా నిర్మాతల్లో ఉన్నారు. అయినా జనవరి 10న జార్జి బ్యాండు వదిలేస్తున్నానని చెప్పి లేచి వెళ్లిపోవడం దాచలేదు. దాని తరవాత జాన్, పాల్ క్యాంటీన్‌లో కూర్చుని అతని గురించి మాట్లాడుకుంటుంటే, వాళ్లకి తెలీకుండా పూలకుండీలో మైకు పెట్టి రికార్డు చేశారు. అదీ వినిపించారు. ఒకరి మాటలు అలా చాటుగా పట్టడం నాకు నచ్చలేదు. మీ నాన్నగారైతే "ఇది తప్పు" అంటూ లేచి వెళ్లారు. వెళ్లి తలుపు దగ్గర నిలబడి మొత్తం విన్నారు.

బిల్లీ ప్రెస్టన్ వచ్చి కీబోర్డు దగ్గర కూర్చోగానే నలుగురూ ఎంత బుద్ధిమంతులైపోయారో గమనించావా? చుట్టం గుమ్మంలోకి వస్తే ఇంట్లో పోట్లాటలు ఆగిపోయినట్టు. జనవరి 30న మేడ మీద వాయించినది అందరూ చూసేదే. పోలీసులు మెట్లెక్కి వస్తుంటే రింగో మొహంలో కులాసా చూడు.

ఇప్పుడు నీ 'లాస్ట్ వాల్ట్జ్'. 1976 నవంబరు 25, శాన్‌ఫ్రాన్సిస్కోలో వింటర్‌లాండ్ హాలు, 'ది బ్యాండ్' అనే పేరున్న బృందం వీడ్కోలు కచేరీ. దర్శకుడు స్కోర్సీసీ గొప్పగా తీశాడు, కాదనను. లీవాన్ హెల్మ్ డ్రమ్స్ వాయిస్తూనే గొంతెత్తి పాడుతుంటే నా చెయ్యి తొడ మీద తాళం వేసేసింది. కానీ కెమెరా గిటార్ వాయించే రాబీ రాబర్ట్‌సన్‌ని వదిలితే ఒట్టు. సినిమాకి నిర్మాత కూడా అతనే. లీవాన్ తరవాత తన ఆత్మకథలో ఇదే మొత్తుకున్నాడు, అదే బృందంలోని రిచర్డ్ మాన్యుయెల్, గార్త్ హడ్సన్ సరిగ్గా కనబడనే కనబడరని. నువ్వు అతన్ని కుళ్లుబోతు అన్నావు. నేను పక్కవాద్యం వాయించినదాన్ని నాన్నా. పాత కచేరీ ఫోటోలు బీరువాలో ఉన్నాయి, చూడు. గాయకురాలి పట్టుచీర జరీ అంచుతో సహా పడుతుంది, నా మోచెయ్యి ఒక మూల పడుతుంది. రేపు మీ బ్యాండు మీద ఎవరైనా సినిమా తీస్తే బేస్ వాయించే నీకూ అదే గతి. అప్పుడు లీవాన్ గుర్తొస్తాడు.

మెటాలికా వాళ్ల 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' (2004) పెట్టడానికి భయపడ్డాను, ఆ గోల తట్టుకోలేనని. తీరా చూస్తే అందులో గోల కంటే మాటలే ఎక్కువ. వాళ్ల గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ తాగుడు మాన్పించుకోవడానికి రీహాబ్‌కి వెళ్తాడు. తిరిగొచ్చాక మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకానే పని చేస్తానని, తను లేనప్పుడు మిగతావాళ్లు టేపులు వినకూడదని షరతు పెడతాడు. డ్రమ్మర్ లార్స్ ఉల్రిచ్‌కి ఒళ్లు మండిపోతుంది. వీళ్ల మధ్య రాజీ కుదర్చడానికి ఫిల్ టౌల్ అనే ఆయన, నెలకి 40 వేల డాలర్లు. కోట్లు గడించిన మగాళ్లు కూర్చుని "నువ్వు నన్ను బాధపెట్టావు" అని చెప్పుకోవడానికి అంత ఖర్చు! మన వీధిలో పెద్దమనిషి ఎవరైనా ఒక కాఫీకి తేల్చేసేవారు. నవ్వొచ్చినా, ఆ సినిమా నిజాయితీని ఒప్పుకోవాలి. వాళ్లు తమని తాము వెర్రివాళ్లుగా కనబడనిచ్చారు.

నాకు అన్నిటికంటే నచ్చినది లార్స్ తండ్రి టోర్బెన్. ఒకప్పటి టెన్నిస్ ఆటగాడు, సినిమాలో మునీశ్వరుడిలా గడ్డం. కొడుకు కొత్త ట్రాక్ వినిపించి ఎలా ఉందని అడిగితే, నేనైతే డిలీట్ చేస్తానని తాపీగా అంటాడు. పిల్లాడి మొహం చూడాలి! నువ్వు పోయిన నెల పంపిన రికార్డింగుకి "బాగుంది" అని మెసేజ్ పెట్టాను కదా, మిగతాది ఇప్పుడు చెప్తాను. రెండో చరణం దగ్గర మీ డ్రమ్మర్ పరిగెడుతున్నాడు, వెనకే నువ్వూ పరిగెత్తావు. అక్కడ ఆపి పట్టాల్సింది నువ్వే. గిటార్ అబ్బాయి చివర్లో వాయించిన ముక్క సగానికి తగ్గించండి. డిలీట్ అక్కర్లేదు.

'గిమ్మీ షెల్టర్' మాత్రం ఒక్కదాన్నే చూడలేక మధ్యలో ఆపి, మర్నాడు పగటిపూట పూర్తి చేశాను. 1969 డిసెంబరు 6, కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీ, కాపలాకి హెల్స్ ఏంజెల్స్ అనే బైకు ముఠా. మెరెడిత్ హంటర్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని స్టేజీ ముందే పొడిచేశారు. ఆ దృశ్యాన్ని సినిమా తీసిన మేజల్స్ సోదరులు ఎడిటింగ్ టేబుల్ దగ్గర స్టోన్స్ గాయకుడు మిక్ జాగర్‌కే వేసి చూపిస్తారు. అతను కాసేపటికి లేచి వెళ్లిపోతాడు. దీని మీద నీతో వాదన లేదు. గొప్ప సినిమా, రెండోసారి చూడను.

మీ నాన్నగారి ఓటు 'ఆన్విల్'కి. కెనడాలో పధ్నాలుగేళ్ల వయసులో జట్టుకట్టిన ఇద్దరు స్నేహితులు, యాభై ఏళ్లు వచ్చినా పేరు రాలేదు. లిప్స్ అనే అతను స్కూళ్లకి భోజనాలు చేరవేసే బండి తోలుకుంటూ, సెలవు పెట్టి కచేరీలకి వెళ్తాడు. ఆల్బం చెయ్యడానికి అక్క డబ్బిస్తుంది. అక్కడ మీ నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, దుమ్ము పడిందట. డ్రమ్మర్ పేరు రాబ్ రైనర్. ఇలాంటి సినిమాలనే వెక్కిరిస్తూ 1984లో 'దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్' తీసిన దర్శకుడి పేరూ రాబ్ రైనరే, వేరే మనిషి. ఇలాంటివి కల్పించి రాస్తే నమ్మరు.

ఇక నా వంతు. నీ లిస్టులో మన దేశం ఒక్కటీ లేదు. 'లీవింగ్ హోమ్' చూడు. ఇండియన్ ఓషన్ బ్యాండు మీద జయదీప్ వర్మ తీశాడు, 2010లో థియేటర్లలోకే వచ్చింది. ఢిల్లీ కరోల్ బాగ్‌లో పాత ఇల్లు, అందులో వాళ్ల సాధన. అసీమ్ చక్రవర్తి మఠం వేసుకుని కూర్చుని తబలా వాయిస్తూ పాడతాడు. తబలా మీద చేతులు ఒక దారి, గొంతు ఇంకో దారి, రెండూ సమం దగ్గర, అంటే తాళం మొదటి దెబ్బ దగ్గర, కలుస్తాయి. ప్రయత్నించి చూడు, ఎంత కష్టమో తెలుస్తుంది. సినిమా విడుదలకి ముందే, 2009 డిసెంబరులో పోయాడు పాపం. 'కందీసా' కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన. 'మా రేవా' నర్మద ఒడ్డు పాట. బేస్ వాయించే రాహుల్ రామ్ అమెరికాలో పీహెచ్‌డీ చేసొచ్చి నర్మదా ఉద్యమంలో తిరిగినవాడు. నీ వాద్యమే కాబట్టి అతని ఎడమచెయ్యి చూడు, నీలా తీగల మీద గాభరాపడదు. మనవాళ్లని పొగుడుతున్నానంటావు, చూసి మాట్లాడు.

మన సంగీత కళాశాల 1919లో పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాళ్లుగా చేసిన చోటు. మధూకరం ఎత్తుకుని తింటూ ఘంటసాల చదువుకున్న చోటు. ఆ గదుల్లో ఒక మూల కెమెరా పెట్టి ఎవరైనా మర్చిపోయి ఉంటే ఎంత బాగుండేది! ద్వారం వారు కచేరీలో వాయించినది రికార్డుల్లో వింటున్నాం. శిష్యుడి వయొలిన్ కమాను సరిచేస్తూ ఏమన్నారో నాకు కావాలి.

అందుకని ఒక పని చెప్తున్నాను. పైడితల్లి సిరిమాను పండక్కి వస్తావు కదా, ఆ ఖరీదైన కెమెరా తీసుకునిరా. తప్పెటగుళ్లు బృందం ఒకటి రాత్రిపూట ప్రాక్టీసు చేస్తోందని మీ నాన్నగారికి తెలిసినాయన చెప్పారు. ఎదకి కట్టుకున్న ఆ రేకు తప్పెట, కాళ్ల గజ్జెలు, ఒకళ్ల భుజాల మీద ఒకళ్లు ఎక్కడం, అడుగు తప్పితే గురువు తిట్టే తిట్లు, అన్నీ తియ్యి. ముందు వాళ్లని అడుగు, పూలకుండీ వేషాలు వద్దు. వెనక వరసలో వాయించేవాళ్ల దగ్గర కూడా కాసేపు కెమెరా నిలుపు. ఎనిమిది గంటలొచ్చినా పరవాలేదు, చూడ్డానికి నేనున్నాను.

చేగోడీలు వేరే పార్సిలు పంపాను. మీ డ్రమ్మర్‌కి కూడా పెట్టు, తిట్టానని చెప్పకు.

ఆశీస్సులతో,
అమ్మ